సదస్సుకు వెళ్ళి రామన్ తెచ్చిందేమిటి?

విజ్ఞాన శాస్త్ర పరిశోధకులకు అంతర్జాతీయ సదస్సు పెద్ద పండగ లాంటిది. పండగకు ఉన్నట్టే దానికీ ఖర్చుంటుంది. ఆరు నెలల ముందే పరిశోధనా పత్రం సారాంశం పంపాలి. అది ఆమోదం పొందితే రిజిస్ట్రేషన్ రుసుము కట్టాలి, వీసా తెచ్చుకోవాలి, విమానం టికెట్టుకు డబ్బు ఎవరిస్తారో వెతుక్కోవాలి. ఇంతా చేసి అక్కడికి వెళ్తే వేదిక మీద మాట్లాడటానికి దొరికేది పది పదిహేను నిమిషాలు. వినేవారిలో కొందరు ప్రయాణ బడలికతో కునికిపాట్లు పడుతుంటారు. ఆ మాత్రం దానికి అంత దూరం వెళ్ళాలా, పత్రాన్ని ఒక మంచి పత్రికలో అచ్చు వేయిస్తే చాలదా అని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం.

దక్షిణ అండమాన్‌లోని ఆస్టినాబాద్ లాంటి ఊళ్ళో చదువుకునే తెలుగు విద్యార్థికి ఈ ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది. విశాఖపట్నానికో, చెన్నైకో ఓడ మీద రావడానికే రెండు మూడు రోజులు పట్టే చోటు అది. ప్రపంచ శాస్త్రజ్ఞుల మధ్య కూర్చుంటేనే పరిశోధన సాగుతుందంటే ఆ విద్యార్థి మొదటి అడుగులోనే వెనకబడిపోయినట్టు. ఆ మాట నిజమేనా? సదస్సులకు వెళ్ళినవారికి అసలు ఏం దక్కింది? వెళ్ళలేనివారు ఏం పోగొట్టుకున్నారు? గడిచిన నూట అరవై ఏళ్ళ విజ్ఞాన చరిత్రలోంచి కొన్ని సంఘటనలు తీసుకుని చూద్దాం. వాటిలో ముఖ్యమైనది విశాఖపట్నంలో పెరిగిన ఒక కుర్రవాడి కథ. దాని కన్నా ముందు ఒకసారి జర్మనీకి వెళ్ళి రావాలి.

ఒక ఆమ్లానికి పంతొమ్మిది ఫార్ములాలు

రసాయన శాస్త్రంలో మొట్టమొదటి అంతర్జాతీయ మహాసభ 1860 సెప్టెంబరు 3 నుంచి 5 వరకు జర్మనీలోని కార్ల్స్‌రూ నగరంలో జరిగింది. యూరప్ దేశాల నుంచి దాదాపు 140 మంది రసాయన శాస్త్రజ్ఞులు వచ్చారు. వారిని అక్కడికి రప్పించింది ఒక పెద్ద గందరగోళం. పరమాణు భారాలను ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో లెక్కకట్టేవారు. నీటి ఫార్ములాను కొందరు 'హెచ్ఓ' అని, మరికొందరు 'హెచ్2ఓ' అని రాసేవారు. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న ఎసిటిక్ ఆమ్లం ఫార్ములాలన్నిటినీ కెకూలే తన పాఠ్యపుస్తకంలో ఒకచోట చేర్చితే అవి పంతొమ్మిది అయ్యాయి! ఒకరు రాసింది మరొకరికి అర్థం కాని స్థితి అది.

మూడు రోజులు చర్చలు జరిగాయి. తీర్మానం మాత్రం ఏదీ కుదరలేదు. శాస్త్ర విషయాలను ఓట్లతో తేల్చలేమని కొందరన్నారు. ఇటలీ నుంచి వచ్చిన స్టానిస్లావ్ కానిజారో, అవగాడ్రో 1811లో చెప్పిన పరికల్పనను అంగీకరిస్తే చిక్కు మొత్తం విడిపోతుందని గట్టిగా వాదించారు. అప్పటికప్పుడు ఒప్పుకున్నవారు తక్కువే. సభ ముగిసి అందరూ లేస్తుండగా ఆయన స్నేహితుడు పావెసీ ఒక చిన్న పుస్తకం ప్రతులను పంచిపెట్టారు. కానిజారో తన విద్యార్థులకు ఈ విషయాన్ని ఎలా బోధిస్తారో వివరిస్తూ రెండేళ్ళ ముందు రాసిన వ్యాసం అది.

జర్మన్ శాస్త్రజ్ఞుడు లోథార్ మేయర్ ఆ పుస్తకాన్ని జేబులో వేసుకుని వెళ్ళారు. చదువుతుంటే కళ్ళకు కమ్మిన పొరలు రాలిపోయినట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నారు. ఆ సభలోనే కూర్చుని విన్న మరొకరు ఇరవై ఆరేళ్ళ రష్యన్ యువకుడు, ద్మిత్రీ మెండలీఫ్. సరైన పరమాణు భారాలు చేతికొచ్చాయి కాబట్టే 1869లో ఆయన మూలకాలను ఆవర్తన పట్టికలో అమర్చగలిగారు. మీ రసాయన శాస్త్ర ప్రయోగశాల గోడ మీద వేలాడే పట్టికకు ఆ విఫలమైన మహాసభ ఒక మూలం.

విఫలమైన అని ఎందుకన్నామంటే, ఆ మూడు రోజుల కార్యక్రమాన్ని దాని తీర్మానాలతో కొలిస్తే వచ్చే మార్కులు సున్నా. దాని ఫలితం మాత్రం ఇంటికి వెళ్ళిన ఇద్దరు ముగ్గురి బుర్రల్లో తొమ్మిదేళ్ళు నానింది.

శిక్షణకు వెళ్ళనన్న ప్రొఫెసర్

ఇక మన కథకు వద్దాం. చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు 1892లో విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడిగా ఉద్యోగం రావడంతో కుటుంబం అక్కడికి మారింది. రామన్ బాల్యం, పాఠశాల చదువు, ఎఫ్.ఏ. చదువు అన్నీ ఆ సముద్రపు ఒడ్డునే గడిచాయి. పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ గట్టెక్కి, ఎఫ్.ఏ. కూడా ముగించుకుని మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళారు.

1907లో ఆర్థిక శాఖలో ఉద్యోగం వచ్చి కలకత్తా చేరారు. ఆఫీసుకు ముందూ, ఆఫీసు తర్వాతా బౌబజారులోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో పరిశోధనలు చేసేవారు. ఆ కృషిని చూసి కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అశుతోష్ ముఖర్జీ ఆయనకు భౌతిక శాస్త్రంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇవ్వజూపారు. ఆ పదవికి ఒక షరతు ఉంది. దాన్ని చేపట్టేవారు విదేశంలో శిక్షణ పొందాలి. రామన్ ఒప్పుకోలేదు. శిక్షణ కోసమని విదేశానికి వెళ్ళవలసిన పని తనకు లేదన్నారు. చివరికి షరతును సడలించి, 1917లో ఆయనను ఆ పదవిలోకి తీసుకున్నారు.

అలాంటి మనిషి 1921లో ఓడెక్కారు. ఆ జులైలో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ సామ్రాజ్యంలోని విశ్వవిద్యాలయాల మహాసభ జరిగింది. కలకత్తా విశ్వవిద్యాలయం ప్రతినిధిగా వెళ్ళమని అశుతోష్ ముఖర్జీ ఆయనను ఒప్పించారు. ఈసారి వెళ్ళింది శిష్యుడిగా కాదు, పదిమంది వింటున్న పరిశోధకుడిగా. అప్పుడు ఆయన వయసు ముప్పై రెండు.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ మహాసభ భౌతిక శాస్త్రానికి సంబంధించింది కానే కాదు. అక్కడి చర్చలన్నీ విశ్వవిద్యాలయాల నిర్వహణ గురించి. కార్యక్రమ పత్రంలో కాంతి గురించి గానీ, సముద్రం గురించి గానీ ఒక్క ముక్క లేదు. అయితే ఆ ప్రయాణంలో రామన్ జె.జె. థామ్సన్, రూథర్‌ఫర్డ్, బ్రాగ్ వంటివారిని కలుసుకున్నారు. లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి గోపురం కింద గుసగుసల గ్యాలరీ ఒకటుంది. గోడ దగ్గర మెల్లగా మాట్లాడితే ఆ మాట వలయాకారపు గోడ వెంట సాగి దూరాన ఉన్నవారికి వినిపిస్తుంది. యాత్రికులు విని ఆనందించి వెళ్ళిపోయే ఆ వింతను రామన్ కొలిచి చూసి, సదర్లాండ్‌తో కలిసి పరిశోధనా పత్రం రాశారు. ధ్వని శాస్త్రం అప్పటికే ఆయన సొంత రంగం కాబట్టి అక్కడ వినవలసింది ఆయన చెవికి వినిపించింది.

ఓడ మీద ప్రయోగం

తిరుగు ప్రయాణంలో రామన్ ఎక్కిన ఓడ పేరు ఎస్.ఎస్. నార్కుండా. దారిలో మధ్యధరా సముద్రపు చిక్కటి నీలం రంగు ఆయనను ఆకట్టుకుంది. సముద్రం ఎందుకు నీలంగా ఉంటుంది? అప్పటికి దీనికి పెద్దలు చెప్పిన జవాబు ఉంది. లోతైన సముద్రపు నీలం నీటి రంగు కాదని, ఆకాశపు నీలమే నీటి మీద ప్రతిఫలిస్తోందని ప్రసిద్ధ భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రాలే భావించారు.

రామన్ దగ్గర నికోల్ పట్టకం అనే చిన్న పరికరం ఉంది. కాంతిని ఒక తలంలో మాత్రమే కంపించేలా వడకట్టే స్ఫటికం అది. నీటి ఉపరితలం నుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో పరావర్తనం చెందిన కాంతి పూర్తిగా ధ్రువణం చెంది ఉంటుంది. అంటే అది కూడా ఒకే తలంలో కంపిస్తుంది. కాబట్టి ఆ కోణంలో చూస్తూ నికోల్ పట్టకాన్ని తగినట్టు తిప్పితే పరావర్తన కాంతిని పూర్తిగా అడ్డుకోవచ్చు. రాలే చెప్పిందే నిజమైతే అప్పుడు సముద్రపు నీలం మాయమైపోవాలి.

నీలం మాయం కాలేదు సరికదా, మరింత చిక్కగా కనిపించింది. ఆకాశం ప్రతిబింబం అనే తెర తొలగిపోయి, నీటి లోపలి నుంచి వస్తున్న వెలుగు బయటపడింది. నీటి అణువులే సూర్యకాంతిని పరిక్షేపణం చేస్తున్నాయని, అంటే నలుదిక్కులకూ చెదరగొడుతున్నాయని రామన్ నిర్ణయించుకున్నారు. నీలం కాంతి తరంగదైర్ఘ్యం తక్కువ కాబట్టి అది ఎక్కువగా చెదురుతుంది. నీరు ఎరుపు కాంతిని పీల్చుకోవడం కూడా ఆ రంగుకు ముఖ్య కారణమని ఈనాడు మనకు తెలుసు. ఏమైనా సముద్రం రంగు నీటిలోంచే వస్తోందన్న రామన్ మాట నిలబడింది.

ఓడ బొంబాయి రేవు చేరేసరికి 'నేచర్' పత్రికకు ఉత్తరం సిద్ధంగా ఉంది. దాని మీద రాసిన చిరునామా నార్కుండా ఓడ, బొంబాయి రేవు. తేదీ సెప్టెంబరు 26. అదే సంవత్సరం నవంబరులో అది అచ్చయింది. 1930 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో రామన్ తన పరిశోధనకు మొదలు ఈ 1921 నాటి ప్రయాణమేనని చెప్పారు.

చిన్నప్పుడు పదేళ్ళ పాటు విశాఖ ఒడ్డున సముద్రాన్ని చూసిన మనిషికి ఆ ప్రశ్న మధ్యధరా మీద ఎందుకు పట్టుకుంది? సముద్రం కొత్తది కావడం ఒక కారణం. తరగతులు, పరీక్షలు, ప్రయోగశాల పనులు ఏవీ లేకుండా రోజుల తరబడి దొరికిన తీరిక మరొకటి. అన్నిటికీ మించి, అప్పటికి పధ్నాలుగేళ్ళుగా కాంతి మీద, ధ్వని మీద చేసిన పని ఆయన బుర్రలో ఉంది, పట్టకం చేతిలో ఉంది. అదే ఓడలో ఆయనతో ప్రయాణించిన మిగతావారు కూడా అదే నీలాన్ని చూశారు.

టొరంటోలో వాదన, కలకత్తాలో పని

ఇక్కడితో కథ ముగిసి ఉంటే రామన్ ఒక మంచి పరిశీలన చేసిన శాస్త్రజ్ఞుడిగా మిగిలిపోయేవారు. కలకత్తా తిరిగొచ్చిన వెంటనే ఆయన తన విద్యార్థులను ఈ పనిలోకి దించారు. ద్రవాలు, వాయువులు, స్ఫటికాలు కాంతిని ఎలా చెదరగొడతాయో వరుసగా పరీక్షించారు. 1923లో కె.ఆర్. రామనాథన్‌కు నీటిలో చెదిరిన కాంతిలో ఒక విడ్డూరం కనిపించింది. రంగు మారిన మసక వెలుగు ఏదో అందులో కలిసి ఉంది. ద్రవంలోని మలినాల వల్ల అలా జరుగుతోందనుకుని మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశారు. అయినా అది పోలేదు.

1924లో రామన్ మరో సభకు వెళ్ళారు. కెనడాలోని టొరంటోలో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశం అది. అక్కడ ఎక్స్ కిరణాల మీద ఆర్థర్ కాంప్టన్ కొత్తగా కనుక్కున్న విషయం గురించి వేడిగా వాదన జరిగింది. ఎలక్ట్రాన్‌ను తాకి చెదిరిన ఎక్స్ కిరణం తరంగదైర్ఘ్యం పెరుగుతుందని కాంప్టన్ అన్నారు. హార్వర్డ్ ప్రొఫెసర్ డ్యువేన్ కాదన్నారు. వాదనలో పాల్గొన్న రామన్ కూడా కాంప్టన్‌ను నమ్మలేదు. తర్వాతి ప్రయోగాల్లో కాంప్టన్ చెప్పిందే నిజమని తేలింది, 1927లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సభలో ఓడిన పక్షాన నిలబడినా రామన్‌కు నష్టమేమీ జరగలేదు. ఎక్స్ కిరణాల విషయంలో జరిగేది మామూలు కాంతి విషయంలో కూడా జరగవచ్చు కదా అన్న ఆలోచన పదునెక్కింది. రామనాథన్ చూసిన మసక వెలుగుకు కొత్త అర్థం కనిపించసాగింది.

కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి పని ఉధృతం చేసి, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఆ వెలుగు వర్ణపటాన్ని స్పష్టంగా చూశారు. అణువును తాకి చెదిరిన కాంతిలో కొంత భాగం తన తరంగదైర్ఘ్యాన్ని మార్చుకుంటోంది. ఆ మార్పు అణువు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఇదే రామన్ ఫలితం. ఆ తేదీనే మనం 1987 నుంచి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఓడ మీద ప్రశ్న పుట్టిన ఆరున్నర ఏళ్ళకు జవాబు దొరికింది. ఆ ఆరున్నర ఏళ్ళలో అత్యధిక భాగం బౌబజారు ప్రయోగశాలలోనే గడిచింది.

ప్రకటించింది ఎక్కడ?

ఇంత పెద్ద ఆవిష్కరణను రామన్ ఏ అంతర్జాతీయ సభలో ప్రకటించారు? ఎక్కడా కాదు. 1928 మార్చి 16న బెంగుళూరులో దక్షిణ భారత సైన్స్ సంఘం ప్రారంభ సమావేశంలో 'ఒక కొత్త కిరణం' అనే ప్రసంగంలో వివరించారు. ఆ ప్రసంగాన్ని 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్' కోసం ఆగమేఘాల మీద అచ్చు వేయించి, ప్రతులను ప్రపంచమంతటా దాదాపు రెండు వేల మంది శాస్త్రజ్ఞులకు పోస్టులో పంపించారు.

ఆ తొందరకు అర్థం తర్వాత తెలిసింది. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే ఇద్దరు అదే సమయంలో, నిజానికి ఒక వారం ముందే, క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే మార్పును గమనించారు. వారి పత్రం జులైలో గానీ అచ్చు కాలేదు. ఆగస్టులో రష్యన్ భౌతిక శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. మాక్స్ బార్న్, డిరాక్ వంటి విదేశీ అతిథులతో వోల్గా నదిలో ఓడ మీద సాగిన ఆ సభలో వారి ఫలితాలు చర్చకు వచ్చాయి. అప్పటికి రామన్ పంపిన ప్రతులు యూరప్, అమెరికా ప్రయోగశాలలకు చేరి నెలలు గడిచాయి. 1930లో నోబెల్ బహుమతి రామన్‌కు వచ్చింది.

అంటే ప్రశ్నను దూరదేశపు ప్రయాణం ఇచ్చింది. పని ఇంట్లో జరిగింది. ప్రకటన పక్క ఊరి సభలో, పోస్టాఫీసు ద్వారా జరిగింది.

వెళ్ళకుండానే సాధించినవారు

ప్రయాణాలు లేకుండా పని సాగదా? సాగుతుందనడానికి కూడా మన దగ్గరే ఉదాహరణలున్నాయి. ఢాకాలో పాఠాలు చెప్పుకుంటున్న సత్యేంద్రనాథ్ బోస్ 1924 జూన్‌లో ఐన్‌స్టీన్‌కు ఒక ఉత్తరం, దానితో పాటు ఒక చిన్న పత్రం పంపారు. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. బోస్ గణాంక శాస్త్రం అలా ఒక తపాలా కవరులో ప్రయాణించింది. ఆ తర్వాతే బోస్ యూరప్ వెళ్ళారు.

తెలుగు కుటుంబంలో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు కథ ఇంకా చక్కనిది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంక శాస్త్రం నేర్చుకుని, అక్కడే పాఠాలు చెప్పేవారు. పరిశీలనల సంఖ్య చాలా ఎక్కువగా ఉన్నప్పుడు వర్తించే ఒక సూత్రాన్ని ఒకరోజు తరగతిలో వివరించారు. తర్వాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరు పొందిన వి.ఎం. దండేకర్ అప్పుడు ఆ తరగతిలో విద్యార్థి. పరిశీలనలు కొద్దిగానే ఉన్నప్పుడు ఇలాంటి సూత్రం చెప్పలేమా అని ఆయన అడిగారు. రావు ఆ ప్రశ్న పట్టుకుని జవాబు కనుక్కున్నారు. మన దగ్గరున్న కొద్దిపాటి సమాచారంతో ఒక రాశిని అంచనా వేసినప్పుడు, అందులోని అనిశ్చితి ఏ హద్దు కన్నా తగ్గదో చెప్పే సూత్రం అది. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయింది. అప్పటికి రావు వయసు పాతిక లోపు. విదేశం మొహం చూడలేదు. ఈనాడు ప్రపంచమంతా క్రామర్–రావు హద్దు అని పిలిచేది దాన్నే. ఆ పత్రానికే 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

రామన్ శిష్యుడు సూరి భగవంతం సంగతి కూడా చెప్పుకోవాలి. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రామన్ ఫలితం మీద పరిశోధనను పాదుకొల్పారు. కాంతి పరిక్షేపణం గురించి ఆయన రాసిన గ్రంథం 1940లో అక్కడి నుంచే వెలువడింది. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల ఆ కాలంలో అంతర్జాతీయ సభలు దాదాపు నిలిచిపోయాయి. అయినా వాల్తేరులో పని ఆగలేదు. పత్రికలు, గ్రంథాలయం, చుట్టూ చురుకైన విద్యార్థులు ఉంటే చాలా దూరం వెళ్ళవచ్చని అది చూపింది.

ఈ ముగ్గురి కథల్లోనూ ఒక సంగతి ఉంది. వీరెవరూ ఒంటరివారు కారు. బోస్‌కు ఉత్తరం చదివే ఐన్‌స్టీన్ దొరికారు. రావుకు చేయెత్తి ప్రశ్న అడిగిన విద్యార్థి దొరికాడు. భగవంతానికి రామన్ ప్రయోగశాలలో నేర్చిన విద్య ఉంది. పరిశోధనకు మరో మనిషి కావాలి. ఆ మనిషి ఇంటికి దగ్గర్లో లేకపోతే వెతుక్కుంటూ వెళ్ళాలి. సదస్సు అందుకు ఒక దారి.

సదస్సే ఇంటికి వస్తే

కొందరు ఆ దారిని ఇంటి వైపు తిప్పారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన ప్రసిద్ధ న్యాయవాది అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడు అల్లాడి రామకృష్ణన్ భౌతిక శాస్త్రజ్ఞుడు. 1957–58లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపినప్పుడు అక్కడ రోజూ జరిగే సెమినార్లు ఆయనకు నచ్చాయి. మద్రాసు తిరిగొచ్చి తన ఇంట్లోనే విద్యార్థులతో సైద్ధాంతిక భౌతిక శాస్త్ర సెమినారు మొదలుపెట్టారు. ఊరికి వచ్చిన విదేశీ శాస్త్రజ్ఞులను ఆ గదికి తీసుకొచ్చి మాట్లాడించేవారు. 1960లో నీల్స్ బోర్ ఆ బృందాన్ని చూసి మెచ్చుకున్నారు. ఆ ఇంటి సెమినారే 1962 జనవరి 3న ప్రారంభమైన గణిత శాస్త్రాల సంస్థ 'మాట్‌సైన్స్'కు విత్తనమైంది. విదేశం వెళ్ళొచ్చిన ఒక్కరు తాము చూసిన పద్ధతిని నలుగురికి పంచితే ఎంత పెరుగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరో యాభై ఏళ్ళకు ప్రపంచంలోనే పెద్ద గణిత సభ తెలుగు గడ్డ మీదికి వచ్చింది. 1897లో జ్యూరిచ్‌లో మొదలై, సాధారణంగా నాలుగేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ గణిత శాస్త్రజ్ఞుల మహాసభను 2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు హైదరాబాద్‌లో నిర్వహించారు. భారతదేశంలో అది మొదటిసారి. ఆసియాలో క్యోటో, బీజింగ్ తర్వాత మూడోసారి. గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకాలను లిండెన్‌స్ట్రాస్, ఎన్గో బావో చౌ, స్మిర్నోవ్, విలానీ అక్కడే అందుకున్నారు. విమానం టికెట్టు కొనుక్కునే స్తోమత లేని మన విద్యార్థులు, ఉపాధ్యాయులు రైలెక్కి వెళ్ళి వారి ఉపన్యాసాలు వినగలిగారు.

ఖాళీ హాళ్ళ సదస్సులు

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. పదోన్నతికి, ఉద్యోగానికి 'అంతర్జాతీయ సదస్సులో పత్రం' అనే ఒక్క వాక్యం మార్కులు తెచ్చిపెట్టే చోట ఆ వాక్యాన్ని అమ్మేవారూ పుడతారు. అన్ని శాస్త్రాలనూ కలిపి ఒకే సభ పెడతారు. పంపిన ప్రతి పత్రాన్నీ రెండు రోజుల్లో ఆమోదిస్తారు. తాము రామని చెప్పిన ప్రముఖుల పేర్లను కూడా ఆహ్వానంలో వేస్తారు. తీరా వెళ్తే హాల్లో పదిమంది కూడా ఉండరు.

హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, సదస్సులు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఆరోపణలతోనే కేసు వేసింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానం ఆ సంస్థ అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. సదస్సు పేరు వినగానే మురిసిపోకుండా దాన్ని నడిపేవారెవరో, మాట్లాడేవారెవరో విచారించుకోవాలని ఆ తీర్పు హెచ్చరిస్తోంది.

నిజమైన సదస్సులకూ ఖర్చు ఉంది. విమాన ప్రయాణం వాతావరణంలోకి వదిలే కార్బన్ డయాక్సైడు, వీసా దొరకక ఆగిపోయే పేద దేశాల పరిశోధకులు, చంటిబిడ్డను వదిలి వెళ్ళలేని తల్లులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు సభలన్నీ కంప్యూటర్ తెర మీదికి మారాయి. 2022లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగవలసిన గణిత మహాసభ కూడా, ఉక్రెయిన్ మీద రష్యా దాడి వల్ల, తెర మీదే జరిగింది. దాని వల్ల ఇంట్లోంచే ఉపన్యాసాలు వినే వీలు దూరాన ఉన్నవారికి కలిగింది. అయితే టీ తాగుతూ పక్క మనిషిని అడిగే ప్రశ్న తెర మీద అంత సులువుగా పుట్టదు. జేబులో పెట్టుకుపోయే చిన్న పుస్తకం చేతికి అందదు.

మరి వెళ్ళాలా, వద్దా?

వెళ్ళాలి. కానీ ఎప్పుడు, ఏం పట్టుకుని అన్నదే అసలు సంగతి. రామన్ ఖాళీ చేతులతో వెళ్ళి ఉంటే మధ్యధరా అందంగా ఉందని ఇంటికి ఉత్తరం రాసి ఊరుకునేవారు. మెండలీఫ్ పరమాణు భారాల చిక్కుతో అప్పటికే తల బద్దలు కొట్టుకోకపోయి ఉంటే కానిజారో మాటలు ఆయనకు పట్టేవి కావు. సదస్సు ప్రయోజనం అక్కడ చదివిన పత్రంతో తేలదు. అక్కడికి తీసుకెళ్ళిన ప్రశ్న ఎంత పక్వమైంది, తెచ్చుకున్న ఆలోచన మీద తర్వాత ఎన్నేళ్ళు పనిచేశారు, తెచ్చుకున్నది ఎంతమందికి పంచారు అన్నవే దాన్ని తేలుస్తాయి. రామన్ పంచినది రామనాథన్, కృష్ణన్, భగవంతం వంటివారి చేతుల్లో పెరిగి వాల్తేరు దాకా వచ్చింది. కాబట్టి ఒకరి ప్రయాణానికి డబ్బిచ్చే విశ్వవిద్యాలయం తిరిగొచ్చాక అక్కడ ఏం విన్నారో విద్యార్థులకు ఒక గంట చెప్పమని అడగాలి. ఆ గంట జరగకపోతే డబ్బు ఒకరి మీదే ఖర్చయినట్టు.

ఆస్టినాబాద్ విద్యార్థి మాటేమిటి? దూరంగా ఉండటం నష్టమే. కానీ దూరాన ఉన్న చోటికి దాని సొంత ప్రశ్నలుంటాయి. భారతదేశంలో చురుగ్గా ఉన్న ఏకైక అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బ్యారెన్ ద్వీపంలో ఉంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచింది, దక్షిణ అండమాన్ నేల కిందికి దిగింది. శ్రీ విజయపురం అని 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో పొలాల్లోకి సముద్రం వచ్చి నిలిచిపోయింది. ఆ పొలాల్లో ఇప్పుడు ఏ మొక్కలు మొలుస్తున్నాయి, ఏ పక్షులు వాలుతున్నాయి, పోటు ఏ నెలలో ఎక్కడిదాకా వస్తోంది అని నోటు పుస్తకంలో రాసి పెట్టుకునే విద్యార్థి దగ్గర, ఏ దేశపు సదస్సులోనైనా శ్రద్ధగా వినదగిన సమాచారం ఉంటుంది.

దాన్ని మొదట వినిపించవలసింది తరగతిలోనే. అక్కడ ఎవరో ఒకరు చేయెత్తి 'అలా ఎందుకు?' అని అడగాలి. జవాబు వెతకడానికి ఒకటి రెండేళ్ళు పట్టనివ్వండి. ఆ తర్వాత జిల్లా సైన్స్ ప్రదర్శన, రాష్ట్ర స్థాయి సెమినారు, ఎప్పుడో ఒకనాడు విదేశంలో సదస్సు. ఆ రోజు వచ్చినప్పుడు వీలుంటే ఓడలోనో, విమానంలోనో కిటికీ పక్కన కూర్చోండి.